వేడి ముద్ద ఎవరికి?

పోయిన చలికాలంలో మా అమ్మాయి దగ్గర నెల రోజులుండి వద్దామని టోక్యో వెళ్ళాను. వాళ్ళ కాపురం ఎడొగావా వార్డులోని నిషి కసాయ్‌లో. పేరుకు జపానే గానీ, సాయంత్రమైతే వీధిలో ఏదో ఒక మూల తెలుగు వినబడుతూనే ఉంటుంది. 2000 సంవత్సరం ప్రాంతం నుంచి మన కంప్యూటరు ఇంజనీర్లు చాలామంది అక్కడే ఇళ్ళు తీసుకున్నారు లెండి.

ఒకరోజు, "ఈ పూట వంట పెట్టుకోవద్దుమా, సోబా తిందాం రా" అని పిల్ల బయల్దేరదీసింది. గుమ్మానికి నీలంరంగు గుడ్డ వేలాడుతున్న చిన్న హోటలది. లోపల అద్దాల గదిలో ఒక పెద్దాయన పిండి పిసికి, చపాతీకి ఒత్తినట్టు పలచగా ఒత్తి, మడతలు పెట్టి కత్తితో సన్నగా కోస్తున్నాడు. సోబా అంటే ఉత్తరాదివాళ్ళు నవరాత్రి ఉపవాసాలకు వాడే కుట్టుపిండితో చేసేదే. ఆ పిండికి జిగురుండదు. అందుకని ఎనిమిది పాళ్ళ కుట్టుపిండికి రెండు పాళ్ళ గోధుమపిండి కలపడం అక్కడ మామూలు. ఉడికించి చల్లార్చిన సేవెలను వెదురు తడికమీద పెట్టి తెచ్చారు. పక్కన చిన్న గిన్నెలో నల్లటి పులుసు. అందులో ముంచుకుని తినాలి. శాకాహారులు ముందే అడిగి తెలుసుకోవాలి సుమా, ఆ పులుసు సాధారణంగా ఎండుచేప కాచిన నీళ్ళతో చేస్తారు. మాకా పట్టింపు లేదు.

చుట్టూ అందరూ జుర్రుమంటూ చప్పుడు చేస్తూ తింటున్నారు. అక్కడ అది తప్పు కాదట! చిన్నప్పుడు చారన్నం జుర్రుకున్నానని మా అవ్వ నెత్తిమీద ఎన్ని మొట్టికాయలు వేసిందో గుర్తుకొచ్చింది. "ఆడపిల్లవు, చప్పుడెందుకే" అనేది. మా అన్న అంతకంటే గట్టిగా జుర్రుకున్నా ఆమె చెవికి వినబడేది కాదు.

ఇంతలో డెబ్భై ఏళ్ళావిడ ఒకతే వచ్చి మా పక్కన కూచుంది.

"ఏమ్మే, ఆమె ఒకతే వచ్చిందా?" అన్నాను.

"ఒకతే వస్తే ఏంమా? ఆకలయింది, వచ్చింది" అంది మా పిల్ల.

ఆవిడ నిదానంగా తింది. చివర్న సేవెలు ఉడికిన వేడినీళ్ళు తెచ్చిచ్చారు. మిగిలిన పులుసులో పోసుకుని తాగింది. అదీ సంగతి! మన గంజి కాదూ? గంజి వార్చి, ఉప్పేసుకుని తాగడం మనకు తెలీని విద్యా?

నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు మా కుప్పం సంగటే కళ్ళముందు తిరిగింది. రాగీ, కుట్టూ రెండూ మెట్టనేలల, కొండనేలల పంటలే, పేదల కడుపు నింపినవే. ఎడో కాలంలో తెల్లబియ్యం మరిగిన పట్నంవాసులకు బెరిబెరి పట్టుకుంటే, సోబా తినేవాళ్ళ దగ్గరికి ఆ జబ్బు రాదని జనం గ్రహించారంటారు. కారణం బి1 విటమిన్ అని తర్వాత తేలింది. మనం దానికి తలకిందులుగా నడిచాం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, చుట్టాలొస్తే సంగటి కుండను చాటుకు జరిపిన ఇళ్ళు నాకు తెలుసు. బియ్యం వచ్చినందుకు కాదు నా బాధ, రాగులకు సిగ్గుపడినందుకు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇప్పుడు పెద్ద హోటళ్ళ మెనూలో సంగటి, నాటుకోడి పులుసు పక్కపక్కన దర్జాగా కూచున్నాయి. సంతోషమే.

కానీ ఆ సంగటి కెలికిన చేతుల మాటేమిటి? బియ్యం మెత్తగా ఉడికాక పిండి పోసి, సన్నసెగన మగ్గనిచ్చి, కుండ దించి కాళ్ళ సందున బిగించి తెడ్డుతో కెలకాలి. ఉండ కట్టకూడదు. భుజాలు పడిపోతాయి. అక్కడ అద్దాలగదిలో ఆ పెద్దాయన చేసే పనిని వచ్చినవాళ్ళు నిలబడి చూస్తున్నారు. మా అమ్మ నలభై ఏళ్ళు కెలికితే ఎవరు చూశారు? పైగా సంగటి రుచంతా వేడిమీదే. చెనిక్కాయల ఊరిబిండో, అనపగింజల పులుసో వేసుకుని పొగలు కక్కుతుండగా మింగాలి. మామయ్యకూ మగపిల్లలకూ వడ్డించి, మళ్ళీ అడిగినవాళ్ళకు వేసి, ఆమె కూచునేసరికి ముద్ద రాయి అయ్యేది. వేడిగా సంగటి తిన్న గుర్తు ఆమెకు ఉందో లేదో అడగడానికి ఇప్పుడు ఆమె లేదు.

పోనీ బయట తిందామా? మా వైపు ఆడవాళ్ళు చాలామంది పనికోసం రైల్లో బెంగుళూరు పోయివస్తారు. దీపాలు పెట్టే వేళకు స్టేషన్లో దిగిన మనిషి, దోవలో ఏదన్నా హోటల్లో ఒకతే కూచుని రెండు ముద్దలు తింటే, "ఇంట్లో వండలేదా?" అన్న చూపు ఒకటి ఆమెకోసం కాచుకుని ఉంటుంది. లేదంటే పరదా వెనక ఫ్యామిలీ రూములోకి తోలేస్తారు. ఫ్యామిలీ తోడు లేదనే కదా ఆమె ఒకతే వచ్చింది! ఆ మనిషి ఇంటికెళ్ళి, చీర మార్చుకునే తీరిక కూడా లేకుండా పొయ్యి ముట్టించాల్సిందే. మగవాడు అదే రైలు దిగి టీ తాగి, పేపరు చూసి వస్తాడు.

హోటళ్ళవాళ్ళను మాత్రమే అని లాభం లేదు. అలా ఒకతే తినే ఆడమనిషిని మొదట వింతగా చూసేది మనమే కదా, చెల్లెళ్ళూ. ఆ రాత్రి టోక్యోలో "ఒకతే వచ్చిందా" అన్నది నేనే మరి.

ఊరికి తిరిగొచ్చాక ఒక ఆదివారం ఎసట్లో పిండి పోసి, తెడ్డు తెచ్చి మా ఆయన చేతికిచ్చాను. "నాకు రాదే" అన్నారు. "నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా" అన్నాను. ఆపసోపాలు పడి కెలికారు. అందరం ఒకేసారి కూచున్నాం. నా ముద్దలో రెండుచోట్ల పచ్చిపిండి ఉండలు తగిలాయి. నేనేమీ అనలేదు. నోరు కాలేంత వేడిగా ఉంది.