పాలిపోయిన పగడానికి మందు కాదు, థర్మామీటరు

గాజు తొట్టిలో ఎర్రచేపలు పెంచడం జగ్గయ్యపేటకూ నందిగామకూ కొత్తేమీ కాదు. ఇప్పుడు కొందరు ఉప్పునీటి తొట్టి పెట్టి పగడాలను కూడా పెంచుతున్నారు. మన మెట్టప్రాంతం (నిన్నటి కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లా) సముద్రానికి వంద కిలోమీటర్లకు పైగా దూరం. ఇక్కడ ఒక పగడం జబ్బుపడితే ఏం చేయాలి? అసలు దాన్ని ఇక్కడికి తేవచ్చునా? ఈ రెండు ప్రశ్నలూ విడదీయరానివని నా అభిప్రాయం.

పగడం రాయి కాదు, మొక్కా కాదు. మీరు పాఠంలో చదివిన హైడ్రాకు దగ్గరి చుట్టం. రాతి పగడాలు తమ కింద కాల్షియం కార్బొనేటుతో గూడు కట్టుకుంటాయి. వాటి కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. అవి వెలుతురులో ఆహారం తయారుచేసి, ఇంటి అద్దెలాగా పగడానికి ఇస్తాయి. పగడం రంగు కూడా చాలావరకు వాటిదే. వేడి మితిమీరితే ఈ పొత్తు చెడుతుంది. శైవలాలు బయటికి పోతాయి, పగడం తెల్లబోతుంది. ఆ చోటి మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిస్తే చాలు. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024లలో జరిగింది ఇదే.

తెల్లబడిన పగడం చచ్చినట్టు కాదు. దగ్గరగా చూడండి. గూటిపై గాజులాంటి పలుచని కండ ఉంటే ప్రాణమున్నట్టే. నీరు చల్లబడితే కోలుకోవచ్చు. కండ ఊడి, గూడు బోడిగా కనబడితే అది వేరే జబ్బు. ఈ తేడా చూడకుండానే సీసా తెచ్చి మందు పోసేవాళ్ళున్నారు. మందు పోశాక నీరు మారిపోతుంది, అసలు కారణం ఇక దొరకదు.

మన ఊళ్ళలో మొదటి అనుమానం వేడి మీదనే పెట్టాలి. పగడాల తొట్టి 25 డిగ్రీల దగ్గర ఉండాలి. ఇక్కడ మే నెలలో గాలి 45 దాటిన రోజులున్నాయి. తొట్టిపై ఫ్యాను తిప్పితే, కుండలో నీరు చల్లబడినట్టే, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కాని నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న వంద లీటర్లలో పది లీటర్లు ఆవిరైతే, ఉప్పు లీటరుకు సుమారు 39 గ్రాములవుతుంది. ఆ లోటును ఉప్పునీటితో పూడిస్తే తొట్టిలోని మొత్తం ఉప్పు ఇంకా పెరుగుతుంది. పోయవలసింది శుద్ధిచేసిన మంచినీరు, బోరునీరు కాదు.

చురుకైన పిల్లలు ఇంకోటి అడుగుతారు. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి గనులే కదా, ఒక ముక్క తొట్టిలో వేస్తే పగడానికి కాల్షియం అందదా? ప్రశ్న మంచిదే. కాని ఉప్పునీటి పి.హెచ్. 8.2 దగ్గర ఉంటుంది. నిమ్మరసం చుక్క పడితే బుసబుస పొంగే రాయి ఆ నీటిలో కరగదు. (మన రాళ్ళు భూమిమీద పగడాలు పుట్టకముందే ఏర్పడ్డాయి. వాటిలో పగడాల కోసం వెదకకండి.) పెంపకందార్లు వాడేది సున్నపుతేట. ఆవిరైన నీటికి బదులుగా దాన్ని చుక్కచుక్కగా వదులుతారు. దాని పి.హెచ్. 12 దాటి ఉంటుంది. తొందరపడి గ్లాసులకొద్దీ గుమ్మరిస్తే తొట్టిలోని ప్రాణులన్నీ పోతాయి.

ఇక రెండో ప్రశ్న. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలన్నిటినీ చేర్చారు. పులి ఉన్న పట్టిక అది. మన సముద్రంలోంచి పెరికి తెచ్చిన పగడం ముక్కను కొనడం నేరం. "నేను కొనకపోతే ఇంకొకరు కొంటారు" అనే వాదన నాకు రుచించదు, కొనేవాళ్ళుంటేనే పెరికేవాళ్ళుంటారు. పైగా మన ఎండల్లో, కరెంటు పోయి పంపు చాలాసేపు ఆగితే దానికి ఊపిరాడదు.

సందేహముంటే మే నెలలో ఒక బకెట్టు నీళ్ళు ఇంట్లో నీడన పెట్టి, వారంపాటు ఉదయం ఆరింటికీ మధ్యాహ్నం మూడింటికీ థర్మామీటరు ముంచి అంకెలు రాసుకోండి. ఆ కాగితం ఇంట్లో పెద్దలకు చూపించి, తొట్టిలో ఏ ప్రాణి పెట్టాలో అప్పుడు మాట్లాడండి.