గోడ అవతలి వారికి లెక్కల్లో చోటేదీ?

విశాఖపట్నం: 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం సమీపంలోని ఆర్‌.ఆర్‌.వెంకటాపురం గాఢనిద్రలో ఉంది. ఎల్‌జీ పాలిమర్స్‌ కర్మాగారం ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్‌ ఆవిరి ఊరిని కమ్మేసింది. 12 మంది మృత్యువాత పడ్డారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. వీరిలో అత్యధికులకు ఆ సంస్థలో వాటా లేదు, ఉద్యోగమూ లేదు. ప్రహరీగోడకు ఇవతల నివసించడమే వారికున్న సంబంధం.

లాక్‌డౌన్‌తో అప్పటికి కర్మాగారం మూతపడి ఉంది. ఉత్పత్తి ఆగినా ట్యాంకులోని రసాయనం ఊరుకోదు. ఉష్ణోగ్రత పెరిగితే స్టైరీన్‌ తనంతట తానే పాలిమర్‌గా మారడం మొదలవుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది, ఆ వేడి చర్యను మరింత వేగవంతం చేస్తుంది. అందుకే నిరంతరం చల్లబరచాలి, నిరోధక రసాయనం తగు పాళ్లలో కలపాలి. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ఆ ఏడాది జూలైలో ఇచ్చిన నివేదికలో శీతలీకరణ, నిరోధకం, ఉష్ణోగ్రత నమోదు మూడింటిలోనూ లోపాలు బయటపడ్డాయి. సైరన్‌ ఉండీ మోగలేదు. ఒక మీట నొక్కడానికి ఖర్చేమవుతుంది?

1961లో హిందుస్థాన్‌ పాలిమర్స్‌గా ఇది ఆరంభమైనప్పుడు చుట్టూ ఇన్ని ఇళ్లు లేవనే వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. ఇళ్లకు అనుమతులిచ్చిన యంత్రాంగమూ జవాబు చెప్పాలి. అయితే 1997లో ఎల్‌జీ చేతికి వచ్చాక తీసుకున్న నిర్ణయాలన్నీ పెరుగుతున్న జనావాసాలను చూస్తూ తీసుకున్నవే. ఉత్పత్తి పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి తమకు లేదని 2019లో సంస్థే ప్రమాణపత్రంలో అంగీకరించింది.

2013 కంపెనీల చట్టం సెక్షన్‌ 166 డైరెక్టర్ల విధులను నిర్దేశిస్తోంది. వాటాదారులతో పాటు ఉద్యోగులు, సమాజం, పర్యావరణ పరిరక్షణనూ వారు దృష్టిలో ఉంచుకోవాలి. దీని ఊసెత్తేవారు అరుదు. అర్హత గల కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలనే సెక్షన్‌ 135 మాత్రం అందరి నోటా వినిపిస్తుంది. ఊరికి నీటిశుద్ధి యంత్రమిచ్చి శిలాఫలకం వేయించుకోవడం తేలిక. ట్యాంకులో ఏముందో ఆ ఊరికి చెప్పడమే కష్టం!

మృతుల కుటుంబాలకు ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించింది. దుర్ఘటన మరునాడే రూ.50 కోట్లు జమ చేయాలని సంస్థను జాతీయ హరిత ట్రైబ్యునల్‌ ఆదేశించింది. ఇదంతా ప్రాణాలు పోయాక కదిలిన సొమ్ము. భోపాల్‌ దుర్ఘటన అనంతరం 1987లో కర్మాగారాల చట్టంలో చేర్చిన సెక్షన్‌ 41బి వెంకటాపురం ప్రమాదం నాటికీ అమల్లో ఉంది. ముప్పు ఏమిటో, వస్తే ఏం చేయాలో పరిసర ప్రజలకు ముందే తెలియజేయాలన్నది దాని సారాంశం. ఆ తెల్లవారుజామున జనం పరుగెత్తుతూ రోడ్లపైనే కుప్పకూలారు.