కొల్లేరుకు హద్దు ఏది?
అభయారణ్యం ప్రకటించి పాతికేళ్లు దాటినా తెగని తగవు

ఏలూరు: కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటిస్తూ రాష్ట్ర ప్రభుత్వం 1999 అక్టోబరులో 120వ నెంబరు ఉత్తర్వు జారీ చేసిన సంగతి విదితమే. అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో, 2002లో దీనికి స్థానం దక్కింది. ఏటా ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినోత్సవం, అక్టోబరు మొదటి వారంలో వన్యప్రాణి వారోత్సవాలు వస్తాయి. ఉపన్యాసాలు, ఊరేగింపులు అయ్యాక మిగిలే ప్రశ్న ఒక్కటే. సరస్సు హద్దు ఎక్కడ?

అయిదా, మూడా?

సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున ఉన్న కాంటూరు గీత లోపలి భూమి అంతా అభయారణ్యం కింద వచ్చింది. అది 308 చదరపు కిలోమీటర్లు. హద్దును 3వ కాంటూరుకు కుదించాలన్నది చాలాకాలంగా వినిపిస్తున్న కోరిక. అలా చేస్తే మిగిలేది 135 చదరపు కిలోమీటర్లు, అంటే సగానికన్న తక్కువ. కుదింపు కోరుతూ శాసనసభ 2008లో తీర్మానించింది. తర్వాత కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ మాత్రం కుదింపు తగదని తేల్చింది.

చెరువులు ఎలా వచ్చాయి?

1970 దశకంలో లంక గ్రామాల మత్స్యకారులకు బతుకుతెరువు చూపాలని ప్రభుత్వమే సహకార సంఘాలకు సరస్సు భూములు అప్పగించింది. ఉద్దేశం మంచిదే. కాని చెరువు తవ్వకానికి, మేతకు పెట్టుబడి కావాలి. పెట్టుబడి ఉన్నవాడు లీజుకు వచ్చాడు. సంఘ సభ్యుడికి ఏడాదికింత లీజు సొమ్ము మిగిలింది. నీరు, చేప, లాభం గట్టు లోపలివాడి పాలయ్యాయి.

సుప్రీం కోర్టు ఆదేశాలతో 2006లో గట్లను ప్రొక్లెయిన్లతోను, పేలుడు పదార్థాలతోను కూల్చారు. సంరక్షణ చరిత్రలో అదొక మైలురాయి అన్నారు. అయితే కూల్చిన గట్లు పలుచోట్ల మళ్లీ లేచాయి. గట్టు తెగ్గొట్టిన రోజు ఉన్న పట్టుదల తర్వాత కాపలాలో లేకపోవడమే ఇందుకు కారణమని చెప్పక తప్పదు.

గట్టు కడితే ఎవరికి ముప్పు?

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరులతోపాటు అనేక డ్రెయిన్ల నీరు కొల్లేరు చేరుతుంది. బయటకు పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే దారులు అనేకం, పోయే దారి ఒకటి అయినప్పుడు వరద కొన్నాళ్లు నిలవడానికి విశాలమైన చోటు కావాలి. ఆ చోటులో గట్లు లేస్తే నీరు ఊళ్ల మీద, వరి చేల మీద పడుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు కొల్లేరుకే వచ్చింది. లంక గ్రామాల రోడ్లు మునిగాయి. ఏలూరు–కైకలూరు రోడ్డుపై రాకపోకలు స్తంభించాయి. వేసవిలో ఇందుకు విరుద్ధం. సరస్సులో నీరు తగ్గితే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నుతుంది.

ఆటపాక చెప్పే పాఠం

అంతా నిరాశాజనకం కాదు. కైకలూరు మండలం ఆటపాకలో అటవీశాఖ చెరువు మధ్య మట్టి దిబ్బలు వేసి, ఇనుప స్టాండ్లు నాటింది. చెట్లు కరువైన గూడబాతులు వాటిపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుతున్నాయి. ఎర్రకాళ్ల కొంగలూ చేరాయి. పడవ షికారుకు జనం వస్తున్నారు. చిన్న పనైనా ఏటా విడవకుండా చేస్తే ఫలితం ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

రైతు గోడు

హద్దు లోపల జిరాయితీ భూములు, డి-ఫారం పట్టా భూములు కూడా వేలాది ఎకరాలు ఉన్నాయి. తాతల నాటి పట్టా చేతిలో ఉండి చెరువు తవ్వుకోలేని, మంచి ధరకు అమ్ముకోలేని రైతుది న్యాయమైన బాధ. లీజుదారు చెరువును, ఈ రైతు పొలాన్ని ఒకే గాట కట్టడం తగదు. దోనె మీద వెళ్లి వలలు, మావులు వేసి కొర్రమీను, వాలుగ పట్టే మత్స్యకారుడికి చట్టం అడ్డు కాదు. నిషేధం చేపల చెరువుల మీదనే. ఈ తేడా గ్రామాల్లో చాటి చెప్పవలసిన బాధ్యత అధికారులది.

చేయవలసిందేమిటి?

హద్దు కుదింపు వల్ల ముందుగా బాగుపడేది గట్ల యజమానులే తప్ప దోనె మీది మత్స్యకారుడు కాడు. కనుక 5వ కాంటూరు వెంట అందరికీ కనబడేలా రాళ్లు పాతాలి. పట్టాదారులకు పరిహారమో, ప్రత్యామ్నాయ భూమో ఇచ్చి ఆ అధ్యాయం ముగించాలి. ఉప్పుటేరులో పూడిక, గుర్రపు డెక్క తొలగించాలి. పరిహారం ఇవ్వకుండా గట్లు కూల్చినా, గట్లు వదిలేసి వారోత్సవాలు జరిపినా కొల్లేరు దక్కదు. వచ్చే వానాకాలం లోపు ఉప్పుటేరు పనులెంతవరకు వచ్చాయో, మన ఊరి పక్క గట్టు ఎవరిదో గ్రామసభలో అడగవలసింది మనమే.