సూదులు గుచ్చించుకునే ముందు

ఆక్యుపంక్చర్ అంటే వెంట్రుకకన్నా కాస్త లావుగా ఉండే ఉక్కు సూదులను ఒంట్లో ఎంచుకున్న చోట్ల గుచ్చి, ఇరవై ముప్పై నిమిషాలు ఉంచి తీసేసే చికిత్స. సూదిలో మందేమీ ఉండదు. పుట్టిల్లు చైనా. 'చీ' అనే ప్రాణశక్తి దారులను సూది సరిచేస్తుందని అక్కడి పాత శాస్త్రం చెబుతుంది. ఒంటిని కోసి చూసిన శాస్త్రానికి ఆ దారులు దొరకలేదు. సూది పోటుకు నరాలు స్పందించి, నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు విడుదలవుతాయని మాత్రం పరిశోధనలు చెబుతున్నాయి.

1938లో చైనాకు వెళ్లిన భారత వైద్యబృందంలో ద్వారకానాథ్ కోట్నిస్‌తో పాటు బిజయ్ కుమార్ బసు కూడా ఉన్నారు. ఆ బసే 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకుని కలకత్తాకు తెచ్చారు. కేంద్రప్రభుత్వం 2003లో దీన్ని శిక్షణ పొందినవారు చేయదగిన చికిత్సగా ఒప్పుకుంది, 2019లో ప్రత్యేక విధానంగా గుర్తించింది. చికిత్సకు గుర్తింపు ఉన్నంత మాత్రాన సూది పట్టిన ప్రతి చేతికీ అర్హత ఉన్నట్టు కాదు. ఎక్కడ చదివారు, ఎన్నాళ్లు నేర్చుకున్నారు అని అడగడం రోగి హక్కు.

సింహాద్రిపురం, పులివెందుల చుట్టుపక్కల చీనీ, అరటి తోటల్లో ఏళ్ల తరబడి వంగి పనిచేసినవారిని నడుము, మోకాళ్లు, మెడ బాధిస్తాయి. ఈ చికిత్స వైపు ఎక్కువగా చూసేదీ ఇలాంటి నొప్పులవాళ్లే. దీర్ఘకాలిక నొప్పుల్లో, మైగ్రేన్‌లో కొందరికి ఉపశమనం దొరుకుతోంది. కాని ఉత్తుత్తి సూదులతో పోల్చి చూసినప్పుడు తేడా చిన్నదే. బ్రిటన్‌లో చికిత్సలపై మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో నడుంనొప్పికి దీన్ని వద్దంది, 2021లో కారణం తేలని దీర్ఘకాలిక నొప్పికి ప్రయత్నించవచ్చంది. షుగరును, క్యాన్సరును, పక్షవాతాన్ని నయం చేస్తామనే బోర్డులకు మాత్రం ఆధారం లేదు.

ప్రమాదం ఎక్కువగా వచ్చేది శుభ్రత లేని చోటే. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ సోకవచ్చు. ప్యాకెట్టు రోగి కళ్లముందే చింపాలి, వాడిన సూదిని అక్కడికక్కడే పారేయాలి. గుచ్చినచోట కాస్త నెత్తురు, కమిలిన మచ్చ, కళ్లు తిరగడం మామూలే. ఛాతీ మీద సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడవచ్చు. అరుదే గాని ప్రాణం మీదికి వస్తుంది. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు, గర్భిణులు ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవారు సూదులకు కరెంటు పెట్టించుకోకూడదు. షుగరువల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి అక్కడ పుండు పడినా తెలియదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం సూదిలో లేదు, మాటలో ఉంది. బీపీ, షుగరు, ఫిట్సు, టీబీ మందులు మానేయమని ఎవరైనా చెబితే అక్కడినుంచి లేచి రావాలి. నడుంనొప్పితో పాటు కాళ్లు చచ్చుబడినా, మూత్రం పట్టు తప్పినా, జ్వరం వచ్చినా సూదులకోసం ఒక్కరోజు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి.