గుమ్మిలో గింజలు, తెరమీద లెక్కలు



పిల్లవాడు ఫోను పట్టుకొని మూలకు కూర్చుంటే మనకు కోపం వస్తుంది. కోప్పడవలసినప్పుడు కోప్పడవలసిందే. కాని వాడు ఏ ఆట ఆడుతున్నాడో, అది వాడికి ఏమి నేర్పుతున్నదో పక్కన కూర్చొని చూచినవారు మనలో ఎందరు? ఆటలన్నీ ఒక్కటి కావు. కంప్యూటరు ఇండ్లలోకి అడుగుపెట్టిన తొలి రోజుల్లో పిల్లలు ఆడిన ఒక ఆటను గూర్చి ఈ నెల తెలుసుకుందాం. కొండగట్టు చుట్టుపక్కల వరి, మొక్కజొన్న, పసుపు పండించే మన కుటుంబాలకు అది కొత్త సంగతేమీ కాదు. గుమ్మిలోని గింజల లెక్కే ఆ ఆట.

దాని మూలం ఒక బడిపంతులమ్మ. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో మేబెల్ ఆడిస్ అనే ఉపాధ్యాయిని 1964లో, ఐ.బి.ఎం. కంపెనీవారి సహాయంతో, ఆరవ తరగతి పిల్లలకోసం ఒక పాఠం తయారుచేసింది. పిల్లవాడు పూర్వకాలపు సుమేరు దేశానికి రాజు. ఈ ఏటి ధాన్యంలో తిండికెంత, విత్తనానికెంత, నిలువకెంత అని అతడే నిర్ణయించాలి. దానిని గూర్చి విని 1968లో డగ్ డైమెంట్ అనే ఆయన చిన్న ఆటగా వ్రాశాడు. డేవిడ్ ఆల్ దానిని బేసిక్ అనే సులభమైన కంప్యూటరు భాషలోకి మార్చి 1973లో తన పుస్తకంలో అచ్చువేశాడు. ఆట పేరు హమురాబి. 1978లో ఇంటి కంప్యూటర్లకోసం సవరించి వేసిన ఆ పుస్తకం పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది.

అందులో బొమ్మలు లేవు, రంగులు లేవు. తెరమీద ప్రశ్నలు, అంకెలు మాత్రమే. రాజ్యంలో 100 మంది జనం, 1000 ఎకరాల భూమి, గుమ్మిలో 2800 బుషెళ్ల ధాన్యం. బుషెల్ అంటే మన కుంచం వంటి ఒక కొలత. మనిషికి ఏడాది తిండికి 20 బుషెళ్లు కావాలి. ఒక బుషెల్ విత్తనం రెండెకరాలకు వస్తుంది. ఒక మనిషి పదెకరాలు చేయగలడు.

ఇప్పుడు లెక్క చూడండి. తిండికి 2000, విత్తనానికి 500. మిగిలింది 300. పంట ఎకరానికి ఒకటి నుండి అయిదు బుషెళ్ల వరకు ఎంతైనా పండవచ్చు. అది ఆడేవాని చేతిలో లేదు. కొన్ని ఏండ్లు ఎలుకలు పడి, నిలువచేసినదానిలో సగమో నాలుగవ వంతో తినిపోతాయి. ఒక్కొక్కప్పుడు తెగులు వచ్చి జనంలో సగంమంది పోతారు.

ఎకరానికి ఒక్కటే పండిందనుకోండి. వచ్చింది 1000, ఉన్నది 300. మొత్తం 1300 పెడితే 65 మందికే తిండి. మిగిలిన 35 మంది పస్తు, పైగా విత్తనానికి గింజ లేదు. ఒక్క ఏడాదిలో నూటికి 45 మందికంటె ఎక్కువ ఆకలితో చస్తే రాజును గద్దె దింపుతారు. భూమి అమ్ముకోవచ్చు. ఎకరం ధర ఆ ఏటిని బట్టి 17 నుండి 26 బుషెళ్లు. అమ్మితే ఈ ఏడాది గడుస్తుంది. కాని పదేండ్ల తరువాత ఆట ముగిసినప్పుడు, ఎందరిని ఆకలికి చంపావు, తలకు ఎన్ని ఎకరాలు మిగిల్చావు అని రెండూ అడుగుతుంది. ఎకరం అమ్మి అప్పు తీర్చిన ఇంటివారికి ఈ ప్రశ్న ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ పుస్తకంలో ఇంకొక మేలు ఉంది. ఆటను పిల్లలే ఒక్కొక్క వరుస చూచి కంప్యూటరులో టైపు చేసుకొనేవారు. ఎలుకలు ఎంత తినాలో చెప్పే వరుస కంటికి కనబడేది. దానిని మార్చి చూడవచ్చు కూడా. ఆట వెనుక ఒక నియమం ఉన్నదని, దానిని ఒక మనిషే వ్రాశాడని పిల్లవాడికి తెలిసేది.

ఆ కాలంలో మన తెలుగువారి ఇండ్లలో కంప్యూటరు ఎక్కడో ఒకటి. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్లకు పదిహేనేండ్ల వయసులో, తండ్రి యుగంధర్ గారు బ్యాంకాక్ నుండి సింక్లెయిర్ అనే చిన్న కంప్యూటరు తెచ్చి ఇచ్చారు. ఆ అబ్బాయి 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థకు అధిపతి అయ్యాడు. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో ఇంజనీరింగు కళాశాల వచ్చింది. ఈనాడు కంప్యూటరు మన పిల్లలకు దూరమైన వస్తువు కాదు.

అయితే ఆటలు మారాయి. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన ఫార్మ్‌విల్ అనే సేద్యపు ఆట లోకమంతా ఆడింది. అందులో కరువు లేదు, ఆకలి లేదు. వేళకు వచ్చి కోయకపోతే మాత్రం పైరు వాడిపోయేది. తప్పు నిర్ణయానికి శిక్ష లేదు, ఆట వదిలి వెళ్లినందుకే శిక్ష! పాత ఆట పిల్లవాడిని ఆలోచించమన్నది. ఇది మళ్లీ మళ్లీ రమ్మన్నది. ఈ తేడా తలిదండ్రులు గుర్తించాలి.

పాత ఆటలోనూ లోపం లేకపోలేదు. అందులో వడ్డీ లేదు, ఎరువుల ధర లేదు, బదులిచ్చే ఇరుగుపొరుగు లేరు. 35 మంది చనిపోయారంటే అది ఒక అంకె మాత్రమే. ఓడిపోతే మళ్లీ మొదటినుండి ఆడవచ్చు. మన యాసంగి పోతే ఆ యాసంగి తిరిగి రాదు. యోసేపు కథ మనకందరికీ తెలుసు. సమృద్ధిగల ఏడేండ్లలో పంటలో అయిదవ భాగం నిలువచేయమని అతడు ఫరోకు చెప్పింది గెలుపుకోసం కాదు, మనుష్యులు బ్రదకడంకోసం.

కాబట్టి ఈ నెల ఇంట్లో ఒక పని చేయండి. కంప్యూటరు అవసరం లేదు. 28 చింతగింజలు తీసుకోండి. ఒక్కొక్కటి నూరు బుషెళ్లు. తిండికి 20, విత్తనానికి 5 పక్కన పెట్టించండి. పాచిక వేయించండి. ఎన్ని చుక్కలు పడితే అన్ని పదుల గింజలు పంట. ఆరు పడితే మళ్లీ వేయాలి. ఒకటి పడ్డప్పుడు ఏమి చేస్తావని పిల్లలను అడగండి. ఎవరి వంతు తగ్గిస్తారో, భూమి అమ్ముతారో వాళ్లనే చెప్పనివ్వండి.

ఆ తరువాత మన ఇంటి లెక్క వారి ముందు పెట్టండి. ఈ ఏడు ఎన్ని బస్తాలు వచ్చాయి, అప్పుకు ఎంత పోయింది, తిండికి ఎంత ఉంచాం, ఫీజుకు ఎంత కావాలి? చాలా ఇండ్లలో ఈ మాటలు పిల్లలు పడుకున్న తరువాత గుసగుసగా నడుస్తాయి. చివరకు పొలం అమ్మిననాడే పిల్లలకు తెలుస్తుంది. పదేండ్ల పిల్లవాడు తెరమీద రాజ్యం ఏలగలిగినప్పుడు, తన ఇంటి గుమ్మిలో ఎన్ని గింజలున్నాయో తెలుసుకోలేడా? కూతురినీ కొడుకునూ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి.