నిద్రపోని కాపలాదారు

అర్ధరాత్రి కరెంటు పోయింది. పావుగంటకి వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, ఫ్రిజ్ మొదలైంది. ఇంటిల్లిపాది ఫొటోలు దాచుకున్న కంప్యూటరూ ఆన్ అయింది. కానీ తెల్లారి ఊళ్లో ఉన్న అమ్మమ్మ ఫోన్ చేసింది... మనవడి పుట్టినరోజు ఫొటోలు తెరుచుకోవడం లేదని! కంప్యూటర్ లేచింది సరే, లోపలి ప్రోగ్రామ్‌ని లేపేదెవరు?

ఇలాంటి ప్రోగ్రాముల్ని ఇప్పుడు చాలామంది 'కంటెయినర్లు'గా నడుపుతున్నారు. పేరు ఓడలదే. 1956లో అమెరికా వ్యాపారి మాల్కం మెక్‌లీన్ 58 పెట్టెల్ని ఓడకెక్కించి నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. సాఫ్ట్‌వేర్‌లోనూ అదే సూత్రం. ప్రోగ్రామ్‌నీ దానికి కావాల్సిన సరంజామానీ ఒకే పెట్టెలో సర్దేస్తారు. 2013లో డాకర్ వచ్చాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

పెట్టెకో కాపలాదారు కావాలి కదా! చాలా లైనక్స్ సర్వర్లలో ఆ పని 2010లో వచ్చిన సిస్టమ్‌డీది. మెషిన్ ఆన్ కాగానే ముందుగా లేచి, మిగతా సర్వీసుల్ని లేపేది అదే. కంటెయినర్లు నడిపే పాడ్‌మ్యాన్‌లో 2023 నుంచి క్వాడ్లెట్ అనే సదుపాయం ఉంది. ఏ పెట్టె నడపాలి, ఆగిపోతే ఏం చేయాలి, ఎప్పుడు మొదలెట్టాలి... పది లైన్ల ఫైల్లో రాసిపెడితే చాలు. మిగతాది సిస్టమ్‌డీ చూసుకుంటుంది.

అయితే మూడు జాగ్రత్తలు తప్పవు. ఒకటి, మామూలు యూజర్ పేరుతో నడిపితే లాగవుట్ కాగానే సర్వీసు కూడా ఆగిపోతుంది. 'లింగర్' అనే సెట్టింగ్ ఆన్ చేయాలి. రెండు, పది సెకన్లలో అయిదుసార్లు మొదలెట్టినా పడిపోతుంటే కాపలాదారు చేతులెత్తేస్తాడు. అప్పుడు లాగ్ చూడాల్సిందే. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. క్వాడ్లెట్ పద్ధతిలో సర్వీసు ఆగితే పాత పెట్టెని పారేసి, మళ్లీ కొత్తది తెస్తారు. ఫొటోలు పెట్టెలోపలే ఉంటే వాటితోపాటే పోతాయి! అందుకే వాటిని 'వాల్యూమ్' పేరిట పెట్టె బయట ఉంచాలి. మరో డిస్కులో ఇంకో కాపీ తీసిపెట్టుకోవాలి.

అన్నీ సర్దాక పట్టపగలే, తీరికగా ఉన్నప్పుడు, కంప్యూటర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేసి చూడాలి. ఎవరూ ముట్టుకోకుండానే ఫొటోలు తెరుచుకున్నాయా... కాపలా కుదిరినట్టే. అర్ధరాత్రి కరెంటు పోయినా అమ్మమ్మ నుంచి ఫోన్ రాదు. వచ్చినా, అది మనవడి ఫొటోల గురించి మురిసిపోవడానికే!