ఆరు నెలలకో ఇంజెక్షన్ వచ్చేసింది.. ఇక హెచ్‌ఐవీ మాత్రలు మానేయొచ్చా?

'ఏడాదికి రెండే ఇంజెక్షన్లు.. హెచ్‌ఐవీ ఖతం' అంటూ వీడియోలు మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటాయి. ఇంజెక్షన్ వచ్చిన మాట నిజమే. కానీ అది ఎవరికి అన్నదే అసలు పాయింట్. అది తెలియక, రోజూ మాత్ర వేసుకునేవాళ్లు ఆపేస్తే ప్రాణం మీదకు వస్తుంది.

ఎవరికి ఈ ఇంజెక్షన్?

మందు పేరు లెనాకాపవిర్. అమెరికా కంపెనీ గిలియడ్ తయారు చేసింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చెప్పింది, జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అయితే ఈ రెండూ హెచ్‌ఐవీ లేనివాళ్ల కోసం, అంటే వైరస్ సోకకుండా ముందుజాగ్రత్తగా ఇవ్వడానికి. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగిన ట్రయల్‌లో ఇది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికి కూడా వైరస్ సోకలేదు. ఇంత హడావుడి అందుకే.

ఇప్పటికే వైరస్ ఉన్నవాళ్ల లెక్క వేరు. ఒక్క మందే ఇస్తే వైరస్ రూపం మార్చుకుని దానికి లొంగకుండా పోతుంది. అందుకే చికిత్సలో రెండు మూడు మందులు కలిపి ఇస్తారు. లెనాకాపవిర్‌ని చికిత్సలోనూ వాడతారు. కాకపోతే చాలా మందులకు లొంగని కేసుల్లో, వేరే మందులతో కలిపి మాత్రమే.

మరి చికిత్సకు ఇంజెక్షన్ లేదా?

ఉంది. కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ అనే రెండు మందులను రెండు నెలలకోసారి ఇంజెక్షన్లుగా ఇస్తారు. మాత్రల నుంచి దీనికి మారొచ్చని 2025 జులైలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కానీ వైరల్ లోడ్ పూర్తిగా అదుపులో ఉండాలి, హెపటైటిస్-బి ఉండకూడదు. ఎందుకంటే మన ఏఆర్టీ సెంటర్లలో ఇచ్చే మాత్రలోని మందులు హెపటైటిస్-బిని కూడా అణచి ఉంచుతాయి. అవి ఆపేస్తే లివర్ దెబ్బతినొచ్చు. పైగా ఇంజెక్షన్ తేదీ దాటితే ఒంట్లో మందు తగ్గిపోయి, వైరస్ మొండికేసే ప్రమాదం ఉంది.

గుప్పెడు మాత్రల నుంచి ఒక్కదానికి

దేశంలో ఉచిత ఏఆర్టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో రోజుకు రెండు పూటలా మందులు. ఆ తర్వాత రాత్రి ఒక్క మాత్ర వచ్చింది కానీ, అందులోని ఎఫావిరెంజ్‌తో తల తిరగడం, పీడకలలు లాంటి ఇబ్బందులు ఉండేవి. ఇప్పుడు ఇస్తున్నది టీఎల్‌డీ. టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ మూడూ కలిపిన ఒకే మాత్ర, రోజుకు ఒక్కసారే. వైరల్ లోడ్ టెస్టులో వైరస్ కనిపించని స్థాయికి తగ్గి, అలాగే నిలబడితే శృంగారం ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు.

ఇందులో మన హైదరాబాద్ కంపెనీల పాత్ర పెద్దదే. 2017లో పేద దేశాలకు టీఎల్‌డీని ఏడాదికి 75 డాలర్లకే ఇస్తామన్న రెండు కంపెనీల్లో అరబిందో ఒకటి. ఇప్పుడు లెనాకాపవిర్ జనరిక్‌ను 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకు, అంటే సుమారు 3,500 రూపాయలకు, 120 దేశాలకు ఇస్తామన్నవి డాక్టర్ రెడ్డీస్, హెటిరో. అమెరికాలో దాని లిస్ట్ ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైమాటే!

అసలు భారం మాత్ర కాదు, ప్రయాణం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాలే. ఇక్కడ చాలామందికి మాత్ర మింగడం కష్టం కాదు. నెల తిరిగేసరికి మళ్లీ సెంటర్‌కి వెళ్లడమే కష్టం. కూలీకైతే ఒక రోజు కూలి పోతుంది, బస్ చార్జీలు అదనం. తెలిసినవాళ్లు చూస్తారేమోనని పక్క జిల్లా సెంటర్‌కి వెళ్లేవాళ్లున్నారు, డబ్బా మీద లేబుల్ చింపేసి దాచుకునేవాళ్లున్నారు.

దీనికి కొత్త మందు కోసం ఆగక్కర్లేదు. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకు ఒకేసారి 3 నుంచి 6 నెలల మందులు, వీలైతే 6 నెలలవి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. అలా ఇవ్వాలంటే గోడౌన్‌లో స్టాక్ ఉండాలి. 2022లో మందుల కొరతపై హెచ్‌ఐవీ బాధితులు ఢిల్లీలో నాకో ఆఫీసు ముందే రోజుల తరబడి ధర్నా చేశారు. మామూలు మాత్రలకే ఆ పరిస్థితి వస్తే, తేదీ తప్పకూడని ఇంజెక్షన్లను ఊరూరా ఎలా అందిస్తారు? ప్రభుత్వాలు ముందు జవాబు చెప్పాల్సింది దీనికే.

మీరు చేయాల్సింది ఇదే

మాత్ర వాడుతుంటే డాక్టర్ చెప్పకుండా ఒక్క రోజు కూడా ఆపొద్దు. సెంటర్‌కి వెళ్లినప్పుడు మూడు విషయాలు అడగండి. నా వైరల్ లోడ్ ఎంత? హెపటైటిస్-బి టెస్ట్ అయ్యిందా? ఎక్కువ నెలల మందులు ఒకేసారి ఇస్తారా? మీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 హెచ్‌ఐవీ చట్టమే చెబుతోంది. ఇంకా డౌట్ ఉంటే నాకో టోల్ ఫ్రీ నంబర్ 1097కి కాల్ చేయండి.